చోటు తెలిస్తే సగం సాయం అందినట్టే

ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో దిగితే, అక్కణ్ణుంచి ఆత్రేయపురం, లొల్ల మీదుగా రావులపాలెం చేరే రోడ్డు చాలామేర కాలువ వెంటే సాగుతుంది. ఒక పక్క మధ్య డెల్టాకు నీరిచ్చే ప్రధాన కాలువ, రెండో పక్క గట్టు కింద ఇళ్లూ అరటితోటలూ కొబ్బరిచెట్లూ. పడవ ప్రయాణాలు సాగిన కాలంలో తాడు భుజాన వేసుకుని పడవలు లాగేవాళ్లు నడిచిన గట్లు ఇవి. ఇప్పుడు వాటి మీదే ఆర్టీసీ బస్సులు, స్కూలు వ్యాన్లు, ఇటుక ట్రాక్టర్లు, రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు తోలే మినీలారీలు, పూతరేకులు కొనుక్కోవడానికి ఆగే కార్లు, లెక్కలేనన్ని బైకులు తిరుగుతున్నాయి. కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. శనివారం వచ్చిందంటే వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు వారాల మొక్కు మొక్కుకున్నవాళ్ల బండ్లన్నీ ఇటే. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పెట్టిన పడవ పందేలకూ జనం ఇలాగే విరగబడ్డారు. రెండు పెద్ద బండ్లు ఎదురుపడితే ఒకటి అంచుకు ఒరగాల్సిన చోట, ఆ అంచు జారితే నీళ్లలో పడే చోట, చిన్న పొరపాటు కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

రోడ్డు ప్రమాదాల గురించి మాట్లాడేటప్పుడు మనకు ముందుగా గుర్తొచ్చేవి హైదరాబాదు కూడళ్లు, బెంగళూరు ట్రాఫిక్ జాములు. చావుల లెక్క చూస్తే సంగతి వేరుగా ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ చావుల్లో దాదాపు 68 శాతం గ్రామీణ ప్రాంతాల్లోనివే. పోయినవాళ్లలో ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు 44 శాతానికి పైనే. అంటే ప్రమాదం జరిగిన వెంటనే ఏం చేయాలన్న ప్రశ్న మహానగరాలకన్నా ఆత్రేయపురం లాంటి ఊళ్లకే ఎక్కువ అవసరం. ఈ ప్రశ్నకు స్మార్ట్‌ఫోన్ కొంత జవాబు ఇవ్వగలదు. ప్రమాదం ఎక్కడ జరిగిందో తేల్చి చెప్పడం దానికి బాగా చేతనైన పని, అది సగం సాయం. ఆ కబురు అందుకున్నవాళ్లు కదలడం, కదిలినవాళ్లు ఆ రోడ్డును బాగుచేసేదాకా ఆగకపోవడం మిగతా సగం. ఈ రెండో సగాన్ని యాప్ గుర్తు చేయగలదు గానీ, చేయాల్సింది మనుషులే. మన దగ్గర యాప్‌లకు కొరత లేదు. ఒక యాప్‌లో పడిన కబురు చివరిదాకా చేరే ఏర్పాటుకే కొరత.

ముందు ఆ మొదటి సగం సంగతి చూద్దాం. గట్టు మీద బైకు జారి ఒక మనిషి పడిపోయాడు. అటుగా వెళ్తున్న మరో బైకు మనిషి ఆగి 108కి ఫోను చేశాడు. అవతలినుంచి మొదటి ప్రశ్న: ‘ఎక్కడండీ?’ ‘లొల్ల దగ్గరండీ, గట్టు మీద.’ ‘లొల్లకు ఇవతలా, అవతలా?’ ‘లాకులు దాటి కొంచెం ముందుకొచ్చాకండీ.’ ‘ఎటునుంచి వస్తుంటే?’ అడిగేవారి తప్పూ లేదు, చెప్పేవారి తప్పూ లేదు. ఒక పక్క పొడవునా కాలువ, రెండో పక్క పొడవునా తోటలు ఉన్న రోడ్డులో పట్టుకుని చెప్పడానికి గుర్తులే తక్కువ. రాత్రయితే ఆ కాసిని గుర్తులూ కనబడవు. చెప్పేవాడు ఆ ఊరివాడు కాకపోతే, వాడపల్లి దర్శనానికి ఏ తణుకు నుంచో వచ్చినవాడైతే, ఊరి పేరు కూడా తెలియకపోవచ్చు. ఇలాంటి మాటల్లో కరిగిపోయే నిమిషాలు నెత్తురు పోతున్న మనిషివి. గాయపడ్డాక మొదటి గంటను మోటారు వాహనాల చట్టమే 2019 సవరణతో ‘గోల్డెన్ అవర్’గా నిర్వచించింది. ఆ గంటలో సరైన వైద్యం అందితే బతికే అవకాశం అన్నిటికన్నా ఎక్కువని చట్టం చెబుతోంది.

అత్యవసర సేవల విషయంలో తెలుగువాళ్లది వెనకబడిన చరిత్రేమీ కాదు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై తరవాత దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 108, 104 వాహనాలు కలిపి 1,088 ఒక్కరోజే రోడ్డెక్కించింది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సేవలన్నిటికీ ఒకే నంబరుగా 112 వచ్చింది. దానికి తోడు వచ్చిన ‘112 ఇండియా’ యాప్‌ను నొక్కితే మనం నోటితో ఏమీ చెప్పకముందే మన ఫోను ఉన్న చోటు కంట్రోలు రూముకు వెళ్తుంది. జాతీయ రహదారి మీద అయితే 1033 ఉంది. జాతీయ రహదారుల సంస్థ 2023లో తెచ్చిన ‘రాజ్‌మార్గ్‌యాత్ర’ యాప్‌లో రోడ్డు మీది ఇబ్బందిని ఫొటోతో, చోటుతో సహా పంపొచ్చు. వీటన్నిటికన్నా జనం చేతికి బాగా అలవాటైంది వాట్సాప్. పెళ్లికి పిలిచినా, కొబ్బరి లోడుకు బండి మాట్లాడినా ‘లొకేషన్ పెట్టండి’ అనడం కోనసీమలో మామూలు మాటైంది. పెళ్లి మండపానికి దారి చెప్పడానికి అక్కరకొస్తున్న ఆ అలవాటు, పడిపోయిన మనిషిని కాపాడ్డానికి కూడా అక్కరకు రావాలి.

అయితే కాలువల సీమలో పటం మీద లొకేషన్ చూపే ఆ చుక్కకూ ఒక పరిమితి ఉంది. ఫోను చూపే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ కావొచ్చు. మైదానంలో ఆ తేడా లెక్కలోకి రాదు. ఇక్కడ మాత్రం కాలువకు రెండు గట్లు ఉంటాయి. ఆ తేడా వల్ల ఎడమ గట్టు మీద జరిగింది కుడి గట్టు మీద జరిగినట్టు కనబడొచ్చు. అంబులెన్సు వచ్చి నిలబడితే పడిపోయిన మనిషి ఎదురుగానే కనిపిస్తాడు, మధ్యలో మాత్రం కాలువ ఉంటుంది. అటువైపు వెళ్లాలంటే వంతెనో లాకులో వచ్చేదాకా పోయి తిరిగి రావాలి. అందుకే చోటు పంపినవారు ‘ఏ గట్టు, ఏ ఊరివైపు’ అన్న రెండు మాటలు కూడా చెప్పాలి. కంట్రోలు రూములో కూర్చున్నవారు ఆ రెండూ అడగాలి. ఎక్కడో తయారైన యాప్‌కు ఇది తెలియదు, ఇక్కడివాళ్లే నేర్పాలి. సాంకేతికత ఎంత మంచిదైనా దాన్ని ఊరికి తగ్గట్టు మలుచుకోవడంలోనే దాని విలువ బయటపడుతుందని చెప్పడానికి ఈ రెండు గట్ల ఇబ్బందే చాలు.

అంబులెన్సు వెళ్లిపోవడంతో ప్రమాదం పని తీరిపోదు. రోడ్డుకు అడ్డంగా బండి ఉంటుంది, గాజుపెంకులు ఉంటాయి, ఒలికిన ఆయిలు ఉంటుంది, చుట్టూ మూగిన జనం ఉంటారు. మలుపు తిరిగి వేగంగా వచ్చే మరో బండికి అదేమీ తెలియదు. మొదటి ప్రమాదం వల్ల పుట్టే రెండో ప్రమాదం ఇలాంటప్పుడే జరుగుతుంది. కాబట్టి ప్రమాదాన్ని చక్కబెట్టడం అంటే నాలుగు పనులు: వెంటనే తెలుసుకోవడం, వెంటనే చేరుకోవడం, అడ్డు తొలగించడం, ఈలోగా వెనక వచ్చేవారికి చెప్పడం. నాలుగింటిలోనూ ఫోను పనికొస్తుంది. డ్రైవర్లే ఒకరికొకరు కబురు చెప్పుకునే ‘వేజ్’ యాప్ ఇజ్రాయెల్‌లో పుట్టింది, 2013లో గూగుల్ దాన్ని కొన్నది. కాలిఫోర్నియాలో ఆ యాప్‌లో పడిన ప్రమాద కబుర్లను అక్కడి హైవే పోలీసుల రికార్డులతో పోల్చి చూసిన పరిశోధన 2019లో వెలువడింది. యాప్‌లో కబురు పోలీసు రికార్డుకన్నా సగటున 2 నిమిషాల 41 సెకన్ల ముందే పడిందని తేలింది. ఊపిరి అందని మనిషికి ఆ వ్యవధి చిన్నదేమీ కాదు. 2014లోనే రియో డి జనీరో, బార్సిలోనా, జకార్తా లాంటి నగరాల అధికారులు ఆ సంస్థతో ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం చేసుకున్నారు. జనం పంపే ప్రమాద సమాచారం అధికారులకు వస్తుంది, అధికారులు మూసిన రోడ్ల సమాచారం జనం ఫోన్లలోకి వెళ్తుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే యాప్ మేలుతోపాటు కీడూ చేస్తుంది. రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి రెండు గోదావరి పాయల నడుమ సాగుతుంది. ఒకవైపు జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన, మరోవైపు సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద వంతెన. జొన్నాడ వంతెన మీద ఒక లారీ అడ్డం పడితే చెన్నై-కోల్‌కతా రాకపోకలు ఆగిపోతాయి. అప్పుడు దారి చూపే యాప్ నిమిషాలు లెక్కవేసి, కార్లను బ్యారేజీ మీదుగా ఆత్రేయపురం గట్టు రోడ్డుకు మళ్లించవచ్చు. ఆ రోడ్డు ఎంత వెడల్పో, ఆరోజు శనివారమో కాదో, బడి వదిలే వేళో కాదో దానికి పట్టదు. హైవే మీది ఇబ్బంది గట్టు మీదికి దిగుతుంది, ఇంకో ప్రమాదానికి దారి తీస్తుంది. ‘ఈ దారిలో ఇప్పుడు పంపొద్దు’ అని ఆ యాప్‌కు చెప్పగలిగింది స్థానిక పోలీసులే. చెప్పే దారి వారికి ఉండాలి, చెప్పే బాధ్యత వారి పనిలో భాగం కావాలి.

బెంగళూరు ట్రాఫిక్ పోలీసులు 2024లో ‘అస్త్రం’ అనే వ్యవస్థ తెచ్చారు. కూడలిలో నిలబడ్డ పోలీసు తన ఫోనులోంచే ‘ఇక్కడ బస్సు ఆగిపోయింది’, ‘ఇక్కడ ప్రమాదం’ అని పంపితే కంట్రోలు రూములో పటం మీద కనబడుతుంది. ఎక్కడ బండ్లు పేరుకుపోతున్నాయో హెచ్చరిక వస్తుంది. సభలు, ఉత్సవాల రద్దీని కూడా ముందుగానే అందులో లెక్కకట్టుకోవచ్చు. మహానగరానికి కట్టిన వ్యవస్థ పల్లెకు ఎందుకనిపించవచ్చు. కానీ వాడపల్లి శనివారాలను గుర్తు తెచ్చుకుంటే ఎందుకో తెలుస్తుంది. ఇక్కడి రద్దీ ఏ వారం వస్తుందో, ఏ దారిన వస్తుందో, ఏ వేళకు తగ్గుతుందో అందరికీ ముందే తెలుసు. ఇంత కచ్చితంగా తెలిసిన రద్దీకి సిద్ధపడటం నగరం రద్దీకన్నా తేలిక. లొల్ల మలుపు దగ్గర, గుడి దారిలో, పార్కింగు దగ్గర ఉండే పోలీసుల ఫోన్లన్నీ ఒకే పటానికి కలిపి ఉంటే, ఒక కారు టైరు పంక్చరై దారి ఆగిన సంగతి పది నిమిషాల తరవాత హారన్ల మోత వల్ల కాకుండా ఆ క్షణంలోనే తెలుస్తుంది. క్రేను, అంబులెన్సు ఏ వైపునుంచి రావాలో తేల్చవచ్చు. గుడిలో క్యూ ఎంత ఉందో భక్తులకు చెప్పడానికి పడే శ్రద్ధలో కొంత దారిలో ఏం జరుగుతోందో చెప్పడానికి కూడా పెట్టాలి.

ఇప్పుడు ఆ రెండో సగం, అంటే మరుసటి రోజునుంచి జరగాల్సిన పని. దీనికి మన దేశంలో ఇప్పటికే ఒక మంచి పనిముట్టు ఉంది, సామాన్యులకు దాని గురించి తెలిసింది మాత్రం తక్కువ. దాని పేరు ‘ఐరాడ్’, దానికి కొనసాగింపుగా వచ్చిందే ‘ఈడార్’. ఐఐటీ మద్రాసు రూపొందించగా జాతీయ సమాచార కేంద్రం అమలు చేస్తున్న ఈ వ్యవస్థకు ప్రపంచ బ్యాంకు సాయం ఉంది. 2021లో తమిళనాడు, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల్లో మొదలై తరవాత దేశమంతటికీ వచ్చింది. ప్రమాదం జరిగిన చోటికి వెళ్లిన పోలీసు తన ఫోనులో ఈ యాప్ తెరుస్తాడు. తాను నిలబడ్డ చోటు దానంతట అదే నమోదవుతుంది. తేదీ, వేళ, వాతావరణం, రోడ్డు రకం, మలుపా తిన్ననా అన్నవి ఎంచుకుంటాడు. బండి నంబరు కొడితే యజమాని వివరాలు రవాణా శాఖ ‘వాహన్’ రికార్డులోంచి, లైసెన్సు నంబరు కొడితే డ్రైవరు వివరాలు ‘సారథి’లోంచి వచ్చి కూర్చుంటాయి. ఫొటోలు తీసి ఎక్కిస్తాడు. ఆ ప్రమాదానికి ఒక గుర్తింపు సంఖ్య పడుతుంది. అక్కడితో ఆగకుండా బండిని పరీక్షించమని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు, రోడ్డును చూడమని ఆ రోడ్డు ఎవరిదైతే ఆ శాఖ ఇంజినీరుకు కబురు వెళ్తుంది. గాయాల వివరాలు ఆసుపత్రి నింపుతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ ఇంజినీరుకు వెళ్లే కబురు. చాలాకాలంగా మన దగ్గర ప్రమాదం అంటే పోలీసు కేసు మాత్రమే. తప్పు ఎవరిది, ఏ సెక్షను, ఎంత జరిమానా అన్న దగ్గరే ఆలోచన ఆగిపోయేది. ‘డ్రైవరు నిర్లక్ష్యం’ అని రాసేస్తే రోడ్డు నిర్దోషిగా బయటపడేది. 2022 నివేదికలో కూడా ప్రమాదాల్లో 72 శాతం అతివేగం ఖాతాలోనే పడ్డాయి. అతివేగం నిజమే. అదే మలుపులో, అదే చీకటిలో, రక్షణ గోడ లేని అదే కాలువ అంచున ఏటేటా మనుషులు పడిపోతుంటే ఆ నేరంలో రోడ్డుకు కూడా వాటా ఉంటుంది. ప్రమాద నివేదిక రోడ్డు కట్టిన శాఖ బల్ల మీదికి కూడా చేరేట్టు చేయడం ఈ యాప్ తెచ్చిన అసలు మార్పు. కాలువకు తల దగ్గర నీరు వదిలినంత మాత్రాన శివారు పొలం తడవదు, మధ్యలో తూములన్నీ తెరిచి ఉండాలి. ప్రమాద సమాచారమూ అంతే. పోలీసు నమోదు చేశాక, ఇంజినీరు వచ్చి చూడకపోయినా, చూసి అంచనా పంపకపోయినా, పంపిన అంచనాకు డబ్బు రాకపోయినా, ఆ సమాచారం దారిలోనే ఇంకిపోతుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే ఏమిటో తెలిస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల మేరలో మూడేళ్లలో మరణం గానీ తీవ్ర గాయాలు గానీ అయిన ప్రమాదాలు ఐదు జరిగితే, లేదా పది మంది చనిపోతే, అది బ్లాక్ స్పాట్. అంటే రోడ్డు అపాయకరమైనదని ఒప్పుకోవడానికి ముందు కొన్ని ప్రాణాలు పోవాలి. గట్టు రోడ్ల మీద ప్రమాదాలు ఒకేచోట గుంపుగా జరగవు, పొడవునా చెల్లాచెదురుగా జరుగుతాయి. ఈ కొలతతో కొలిస్తే అవి ఏనాటికీ లెక్కకు రావు. చోటుతో సహా నమోదు ఉంటే మాత్రం వేరే రకంగా చూడొచ్చు. ఒకే చోట ఎన్ని అని అడిగే బదులు, ఒకే తీరులో ఎన్ని అని అడగొచ్చు. కాలువలో పడినవి ఎన్ని? రాత్రి ఏడూ పదీ మధ్య జరిగినవి ఎన్ని? ధాన్యం ఆరబోసిన చోట జారినవి ఎన్ని? ఆ జవాబులు మలుపుల్లో రక్షణ గోడ, రాత్రిపూట మెరిసే గుర్తులు, వంతెనల దగ్గర దీపాలు ఎక్కడ ముందు పెట్టాలో చెబుతాయి. కళ్లాలకు వేరే చోటు చూపించాల్సిన అవసరాన్ని కూడా చెబుతాయి. రైతును రోడ్డు మీద ఆరబోయొద్దని మందలించడం తేలిక, ఆరబోసుకోవడానికి గట్టి నేల చూపించడమే అసలు పని.

నమోదు సరిగ్గా ఉంటే దెబ్బతిన్న కుటుంబానికి కూడా అండ దొరుకుతుంది. 2025 మే 5 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం మోటారు వాహన ప్రమాదంలో గాయపడినవారికి, ఏ రోడ్డు మీద జరిగినా, ప్రమాదం నాటినుంచి ఏడు రోజులదాకా రూ.1.5 లక్షల వరకు నగదు లేకుండా వైద్యం అందాలి. ఆసుపత్రి క్లెయిమును ఈడార్ నమోదుతో ముడిపెట్టారు. బీమా పరిహారానికీ అంతే. 2022 ఏప్రిల్ నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం పోలీసులు తొలి నివేదికను 48 గంటల్లో ట్రిబ్యునలుకు పంపాలి. ప్రమాదం జరిగిన చోటూ, వేళా, ఫొటోలూ ఆ రోజే పక్కాగా పడి ఉంటే, కొబ్బరి దింపు పనికి వెళ్లొస్తూ కాలు విరిగిన మనిషి పరిహారం కోసం ఏళ్ల తరబడి సాక్షుల చుట్టూ తిరగాల్సిన అవసరం తగ్గుతుంది. యాప్ అంటే చదువుకున్నవాళ్ల సౌకర్యం అనుకునేవారు ఈ వైపునుంచి కూడా చూడాలి.

ఇక అభ్యంతరాలు. అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్ ఉండదు, ఉన్నా లంకల్లో సిగ్నల్ సరిగ్గా అందదు, పెద్దవాళ్లకు నొక్కడం తెలియదు అన్నది మొదటిది. నిజమే. అందుకే యాప్ ఉంది కదా అని మామూలు ఫోను కాల్‌ను చిన్నచూపు చూడకూడదు. 112కి బటన్ల ఫోనుతో చేసినా పలకాలి. ఆ ఫోనుకు కూడా చోటు చెప్పే వీలు రోడ్డు మీదే కల్పించవచ్చు. గట్టు వెంట ఉన్న కరెంటు స్తంభాలకు పెద్ద అంకెలతో, దూరాన్నుంచి కనబడే రంగుతో నంబర్లు వేసి, ఏ నంబరు స్తంభం ఏ గట్టు మీద ఎక్కడుందో 108, 112 కంట్రోలు రూముల పటంలో ఎక్కిస్తే చాలు. ‘నలభై మూడో స్తంభం దగ్గర’ అన్న ఒక్క మాటతో అంబులెన్సు పైలట్‌కు దారి దొరుకుతుంది. ఖర్చు రంగు డబ్బా, రెండు రోజుల పని. ఇది స్మార్ట్‌ఫోనుకు పోటీ కాదు. ఆ పటమే లేకపోతే ఫోను పంపిన చుక్క కూడా ఏ గట్టుదో తేలదు.

రెండోది, అబద్ధపు కబుర్లు వస్తాయని, బండి నడుపుతూ ఫోను నొక్కితే అదే ఇంకో ప్రమాదమని. అబద్ధపు కాల్స్ 108కి ఎప్పుడూ ఉన్నాయి, ఆ భయంతో ఎవరూ 108ని ఆపలేదు. ఒకే చోటునుంచి ఇద్దరు ముగ్గురు పంపితే నమ్మకం పెరుగుతుంది, తిరిగి ఫోను చేసి అడిగితే చాలావరకు తేలిపోతుంది. యంత్రం తనంతట తాను పంపే కబురుకూ మనిషి పరిశీలన కావాలి. 2022లో వచ్చిన ఐఫోన్ 14లోని ప్రమాదం పసిగట్టే ఏర్పాటు, అమెరికాలో రోలర్ కోస్టర్ల మీది కుదుపులకే అత్యవసర నంబరుకు ఫోన్లు చేసిన సందర్భాలున్నాయి. రెండో భయం ఇంకా గట్టిది. నడుపుతూ చేతిలో ఫోను పట్టుకోవడం 2019 సవరణ ప్రకారం అపాయకరమైన డ్రైవింగ్ కింద నేరం. కాబట్టి నియమం ఒక్కటే ఉండాలి: బండి ఆపి, రోడ్డు అంచు దిగి, అప్పుడు ఫోను తీయాలి. వెనక కూర్చున్నవారు పంపితే మరీ మంచిది.

మూడోది భయం. కబురు చెప్పినవాడిని సాక్షిగా స్టేషన్ చుట్టూ తిప్పుతారని, ఫోను నంబరు ఎవరి చేతిలోనో పడుతుందని. మొదటి భయానికి చట్టం జవాబు చెప్పింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసినవారికి రక్షణ ఇచ్చే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది. సాయం చేసినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు, ఇష్టం లేకపోతే సాక్షిగా రమ్మనకూడదు. ఇప్పుడు ప్రాణం కాపాడినవారికి రూ.25,000 బహుమతి కూడా ఉంది. ఈ సంగతి ప్రతి గ్రామ సచివాలయం గోడ మీదా కనబడాలి. రెండో భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్‌లోంచి జనం వివరాలు బయటికి పోయిన ఉదంతం 2024లో జరిగింది. ప్రమాదం కబురు చెప్పేవారినుంచి అడగాల్సింది చోటు, ఫొటో, తిరిగి మాట్లాడటానికి నంబరు. అంతకుమించి అడగకూడదు, పని అయ్యాక ఆ నంబరు దాచుకోకూడదు. నమ్మకం ఒకసారి పోతే ఎంత మంచి యాప్ అయినా ఎవరూ తెరవరు.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. గోతులు పూడ్చకుండా, రక్షణ గోడలు కట్టకుండా, అంబులెన్సులు పెంచకుండా యాప్‌లు ఇవ్వడం జనాన్ని మభ్యపెట్టడమే కదా అని. యాప్ విడుదల సభతోనే పని ముగిసిపోతే ఆ మాట అక్షరాలా నిజం. అలా మూలనపడ్డ ప్రభుత్వ యాప్‌లు తక్కువేమీ కాదు. ఒక్కో శాఖకు ఒక్కోటి, ఒక్కో ప్రభుత్వానికి ఒక్కోటి పుట్టి, అవసరం వచ్చిన క్షణంలో ఏది తెరవాలో తెలియని పరిస్థితి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ ఉంది, 112 ఉంది. గాయపడినవారి కోసం 112, గోతులు, కూలిన గట్టు అంచు, వెలగని దీపాల కోసం ‘మన మిత్ర’ అని రెండే దారులు పెట్టి, రెండూ ఈడార్‌లోకే చేరేట్టు చేస్తే జనానికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. ఇక రోడ్డా యాప్‌నా అన్న పోటీ పెట్టుకోనక్కరలేదు. ఉన్న కొద్ది డబ్బుతో ఏ మలుపులో ముందు గోడ కట్టాలో చెప్పేది ఈ నమోదే. నమోదు లేని రోడ్డు కోసం పోట్లాడటానికి ఊరి చేతిలో ఆధారం ఉండదు.

కాబట్టి ఆత్రేయపురం మండలం ఈ పనికి మంచి ఆరంభం కాగలదు. రోడ్డు ఒకటే, రద్దీ వేళలు తెలిసినవే, పోలీసు స్టేషన్, ఆసుపత్రి, రోడ్ల శాఖ అధికారి ఎవరో అందరికీ తెలుసు. స్తంభాలకు నంబర్లు వేయడం, శనివారం పోలీసుల ఫోన్లను ఒక పటానికి కలపడం, ఆటో, వ్యాను డ్రైవర్లకు, కాలేజీ పిల్లలకు, స్తంభాల పక్కనే ఉండే పూతరేకుల దుకాణాలవాళ్లకు ఒక పూట శిక్షణ ఇవ్వడం స్థానికంగానే చేసుకోగలిగినవి. జిల్లా యంత్రాంగం చేయాల్సిందీ ఒకటుంది. మండలంలో నమోదైన ప్రమాదాలు, ప్రతిదాని చోటు, దాని మీద ఏ అధికారి ఏ తేదీన ఏం చేశారన్నది వ్యక్తుల పేర్లు లేకుండా మూడు నెలలకోసారి సచివాలయాల్లో అంటించాలి. ఆ పట్టికలో చివరి గడి ‘ఆ చోట ఏం మార్చారు?’ అన్నది కావాలి. అంబులెన్సు ఎన్ని నిమిషాల్లో వచ్చిందో, పోలీసు ఎన్ని గంటల్లో నమోదు చేశాడో చెప్పే గడులన్నీ నిండి, ఈ ఒక్కటి ఖాళీగా ఉంటే ఆ ప్రమాదం ఇంకా తీరనట్టే లెక్క. ఆ గడి నింపమని అడిగే హక్కు ఆ రోడ్డు మీద రోజూ తిరిగే ప్రతి ఒక్కరికీ ఉంది. అడగడానికి కావలసిన ఆధారం కూడా ఇప్పుడు వాళ్ల చేతిలోని ఫోనులోనే ఉంది.